అక్క పక్క సీట్లో ఎవరు?

అవనిగడ్డ,
1 జూలై 2025

అక్కా,

రెండు రోజులుగా ఫోనెత్తడం లేదని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. ముందు నా ఘనకార్యం విను. ఆదివారం నువ్వు వాట్సాప్‌లో పంపిన ట్రైలరు ఉంది చూడు, దాని కింద "ఎప్పుడు వెళ్దాం?" అని నీకు సరదాగా రాద్దామనుకున్నాను. వేలు ఎక్కడ పడిందో ఏమో, ట్రైలరూ నా మాటా కలిసి మా స్త్రీల సమాజం గ్రూపులోకి వెళ్ళిపోయాయి. నలభై రెండు మంది ఉన్న గ్రూపు! హీరోయిన్ నడుం తిప్పుతూ ఉంది, కింద పాస్టరమ్మ గారు ఎప్పుడు వెళ్దామని అడుగుతున్నారు. నేను తీసేసేలోపు పద్దెనిమిది మంది చూసేశారు. ఒకావిడ అలవాటుకొద్దీ ఆమేన్ అని కూడా పెట్టింది.

మీ మరిది నన్నేమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "రూతూ, మనం ఇప్పుడు మునుపటి మనుషులం కాదు" అన్నారు. అంతే. ఆ మాటకంటే రెండు తిట్టినా బాగుండేది. బ్యాంకులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ప్రతి శనివారం నన్ను మాటినీకి హాలు దగ్గర దింపి వెళ్ళింది ఈ మనిషే కదా! యాభై నాలుగో ఏట పాస్టరు కావాలనిపించింది, అయ్యారు. నేను పాస్టరమ్మనయ్యాను. పాస్టరమ్మ సినిమాహాలు గుమ్మం తొక్కకూడదు. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు, కానీ ఊరందరికీ తెలుసు.

అక్కా, ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది. బావ పోయిన దగ్గర్నుంచీ ఆరేళ్ళు మనిద్దరం ఒక్క శనివారం మానలేదు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం రెండున్నర అయ్యేసరికి నాకు కాలూ చెయ్యీ ఆడదు. అందుకే ఒకటి అడుగుతాను, కాదనకు. ఈ నెల నువ్వు చూసిన ప్రతి సినిమా గురించీ ఉత్తరం రాయి. ఫోన్లో వద్దు. నీది వార్డు మొత్తానికి వినపడే నర్సు గొంతు, మా వరండాలో పొద్దస్తమానం ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. కథ రాయక్కర్లేదు, నీకేమనిపించిందో రాయి చాలు.

నా గురించి బెంగ పెట్టుకోకు. సంఘంలో సలోమమ్మ గారని పెద్దావిడ ఉంది. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, మహా నిష్ఠ గల మనిషి. నన్ను అచ్చం అక్కలాగే చూసుకుంటుంది. నిన్న తలనొప్పి అంటే వచ్చి తలంటి పోసి మరీ వెళ్ళింది.

నీ ఉత్తరం కోసం గేటు దగ్గరే నిలబడి ఉండే,
రూతు


గుణదల,
7 జూలై

ఒసే రూతూ,

ఆమేన్ పెట్టినావిడ ఎవరోగానీ నాకు తెగ నచ్చింది. నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పెట్టాయి.

సరే, శనివారం పోలీసు సినిమాకెళ్ళాం. పేరు అడక్కు, మనం పేర్లు ఎప్పుడు గుర్తుపెట్టుకున్నాం గనక! హీరోకి మూడు తూటాలు తగిలాయి. ఆసుపత్రిలో నర్సు చొక్కా మీదే కట్టు కట్టింది. సెలైను సీసా మూత కూడా తీయలేదు, దాంతోనే వాడికి స్పృహ వచ్చేసింది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నాకిలాంటి పేషెంటు ఒక్కడు తగిలినా హాయిగా నిద్రపోయేదాన్ని. మొత్తానికి చప్పుడెక్కువ, సరుకు తక్కువ. విలన్ చొక్కాలు మాత్రం బాగున్నాయి.

ఆదివారం పెళ్ళిచూపుల సినిమా. చిన్న సినిమా, అందరూ కొత్త పిల్లలే. ఇంటర్వెల్ దాకా హాయిగా నవ్వుకున్నాం. ఆ తర్వాత ఏం పోయేకాలమో, అందరూ విమానమెక్కి ఎక్కడికో వెళ్ళి రెండు పాటలు పాడుకుని వచ్చారు. కానీ తండ్రి వేషం వేసినాయన ఉన్నాడే, కూతురు కుదరదు అనగానే ఏడవలేదు, అరవలేదు. కుర్చీ కొంచెం జరుపుకుని కూర్చున్నాడు. ఆ ఒక్క కుర్చీ కోసం సినిమా చూడొచ్చు.

వెళ్ళాం, చూశాం అంటున్నానేమిటా అనుకుంటున్నావా? మేనత్త కూతురు డయానా వస్తోందిలే, భవానీపురం నుంచి. ఒక్కదానివే ఎందుకు వెళ్తావు వదినా, నేను లేనా అంది. గోడ పక్క సీటు, నువ్వు కూర్చునేదే, దానికిచ్చాను. బయటి తిండి లోపలికి రానివ్వరు కదా, బ్యాగులో చున్నీ కింద చేగోడీలు దాచి తెచ్చింది. కరకరలాడుతూ భలే ఉన్నాయి.

మీ సలోమమ్మ గారికి నా వందనాలు చెప్పు. అచ్చం అక్కలాంటిది దొరికింది నీకు, అదృష్టవంతురాలివి. తలంటి పోసే ఓపిక నాకు ఎప్పుడుండేది గనక!

ఎలిజబెత్


అవనిగడ్డ,
12 జూలై, శనివారం, మధ్యాహ్నం రెండున్నర

అక్కా,

టైము చూశావుగా. ఈపాటికి పేర్లు పడుతూ ఉంటాయి.

సెలైను సీసా దగ్గర పగలబడి నవ్వాను. ఈయన ఏంటని అడిగితే కీర్తనల పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. కుర్చీ జరుపుకున్న తండ్రి మూడు రోజుల్నుంచీ నా కళ్ళ ముందే ఉన్నాడు.

కానీ డయానా వదినేంటి అక్కా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? నాకు మండింది, ఉన్నమాటే చెబుతున్నాను. చిన్నప్పుడు మేనత్త ఇంటికెళ్తే నా సాటిను రిబ్బను తనది అంది, నువ్వు పోనీలే ఇచ్చెయ్యమన్నావు. నీ పెళ్ళికి తోడిపెళ్ళికూతురిగా నేను నిలబడాలి, తను పొడుగుందని తనని నిలబెట్టారు. ఫొటోల్లో నేను ఎక్కడో పూలకుండీ వెనకాల ఉంటాను. ఇప్పుడు ఆ గోడ పక్క సీటు కూడానా?

అసలు ఆవిడకి సినిమా చూడ్డం వచ్చా? ఫైట్లు వస్తే నేను కళ్ళు మూసుకుంటాను, అయిపోయాక నువ్వు మోచేత్తో పొడుస్తావు, అప్పుడు తెరుస్తాను. ఆవిడని కూడా పొడుస్తున్నావా? ఈ ప్రశ్నకి జవాబు రాయి. మిగతావి రాయకపోయినా ఫరవాలేదు.

సలోమమ్మ గారు నీ వందనాలకి ఎంతో సంతోషించారు. మీ అక్కని ఒకసారి తీసుకురండి అమ్మగారూ, ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడదాం అన్నారు.

కడుపుమంటతో,
రూతు


గుణదల,
21 జూలై

రూతూ,

నన్ను ఉపవాసం కూర్చోబెట్టే అక్కగారు అక్కర్లేదని చెప్పు.

ఈ వారం దెయ్యం సినిమా ఒకటి. దెయ్యానికి పాపం కథ లేదు. ఎందుకు చచ్చిందో, ఎవరి మీద కోపమో దానికే తెలియదు, ఊరికే తలుపులు కొట్టుకుంటూ తిరుగుతుంది. కమెడియన్ ఆముదం తాగిన మొహం పెట్టాడు. ఏ దెయ్యమైనా నైటు డ్యూటీలో నాకెదురైతే పారిపోయేది.

రెండోది పడవ సినిమా. అబ్బ, ఏం తీశాడే! మన కృష్ణ మీదే తీసినట్టుంది, ఆ ఇసుక, ఆ రేవు చూస్తే పుట్టింట్లో కూర్చున్నట్టుంది. అన్నదమ్ములు పోట్లాడుకుని విడిపోతారు. ఇంటర్వెల్ తర్వాత వానపాట ఒకటుంది. పడవలో అన్న ఒక్కడూ తెడ్డేస్తూ ఉంటాడు, తమ్ముడు గట్టు మీద తడుస్తూ నడుస్తాడు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. హాల్లో ఈలలు లేవు, కేకలు లేవు. డయానా నా చెయ్యి పట్టుకుని పాట అయిపోయేదాకా వదల్లేదు. అదంత మెత్తటిదని నాకిన్నాళ్ళూ తెలియదు. బయటికొచ్చాక కూడా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఇక నువ్వడిగిన ప్రశ్న. డయానా ఫైట్లకి కళ్ళు మూసుకోదు. హాయిగా చూస్తుంది. నా మోచేతికి కూడా కాస్త విశ్రాంతి దొరికింది.

ఎలిజబెత్


అవనిగడ్డ,
25 జూలై

అక్కకు,

ఉత్తరం అందింది. ఇక సినిమాల గురించి రాయవద్దు. పాస్టరు గారి ఇంటికి అలాంటి ఉత్తరాలు రావడం మర్యాదగా ఉండదు. నీ మోచేతికి పూర్తి విశ్రాంతి దొరకాలని ప్రార్థిస్తున్నాను.

మేము క్షేమం.

రూతు


గుణదల,
29 జూలై

రూతుకి,

వద్దంటే మానేస్తాను. అడిగింది నువ్వే, మానమన్నదీ నువ్వే. ఉత్తరాలు రాసే టైములో రెండు కూరలు వండుకోవచ్చు.

ఎలాగూ ఈ శనివారం తీరిక లేదు. ఆ వానపాట కోసం పడవ సినిమాకి మళ్ళీ వెళ్దామని డయానా ఒకటే గొడవ.

ఎలిజబెత్


అవనిగడ్డ,
3 ఆగస్టు, ఆదివారం

అక్కా,

నేను సినిమాకెళ్ళాను.

అవును, నేనే. పాస్టరు యేసుకుమార్ గారి భార్యని. నిన్న. నీ చివరి ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. నా అక్క చెయ్యి పట్టుకుని ఆవిడ ఏడ్చిన పాట, మళ్ళీ చూడ్డానికి ఎగబడుతున్న పాట, నేను చూడాల్సిందే అనిపించింది. పంద్రాగస్టుకి సండేస్కూలు పిల్లలకి జెండాలు, బహుమతులు కొనుక్కొస్తానని ఈయనతో చెప్పి బందరు బస్సెక్కాను. జెండాలు నిజంగానే కొన్నాను. ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని, కొంగు తలమీదుగా కప్పుకుని, మాటినీకి చివరి వరసలో కూర్చున్నాను.

ఫైటు వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకోవాలో తెలియలేదు. పొడిచేవాళ్ళు లేరు. ఇక ఉండబట్టలేక పక్క సీట్లో ముసుగేసుకుని కూర్చున్నావిడ వైపు వంగి, "అయిపోయిందా అండీ?" అన్నాను.

"ఇంకా లేదండీ, ఇనపరాడ్డు తీశాడు" అని, వెంటనే, "అమ్మగారా!" అంది.

సలోమమ్మ గారు!

అక్కా, నా పై ప్రాణం పైనే పోయింది. ఆవిడకీ అంతే. ఇద్దరం బిగుసుకుపోయి తెర వైపు తిరిగాం. ఆవిడే మెల్లగా, "అమ్మగారూ, మిమ్మల్ని నేను చూళ్ళేదు. నన్ను మీరు చూళ్ళేదు" అంది. సరేనన్నాను. ఇంటర్వెల్లో ఇద్దరం సీట్లు కదల్లేదు. అప్పుడు ఆవిడ పాప్‌కార్న్ పొట్లం నా వైపు జరిపింది.

ఇంటర్వెల్ తర్వాత వానపాట కోసం చూస్తూ కూర్చున్నాను. రేవు వచ్చింది, పడవ వచ్చింది, వాన కూడా వచ్చింది. పాట రాలేదు. అన్నదమ్ములు కలిసిపోయారు, పేర్లు పడ్డాయి, లైట్లు వేశారు. "వానపాట ఏదండీ?" అని అడిగాను. సలోమమ్మ గారు, "ఆ పాట సినిమాలో లేదమ్మగారూ. నిడివి ఎక్కువైందని విడుదలకి ముందే తీసేశారు. ఫోన్లోనే ఉంటుంది. నేనిది రెండోసారి చూడ్డం కదా, నాకు తెలుసు" అంది.

బస్సులో జెండాల సంచీ పట్టుకుని దారి పొడుగునా అదే ఆలోచన. హాల్లో లేని పాటకి డయానా వదిన నీ చెయ్యి ఎలా పట్టుకుంది? ఈలల్లేకుండా హాలంతా ఎలా కూర్చుంది?

నువ్వు ఏ సినిమా చూశావక్కా? నిజం రాయి.

రూతు


గుణదల,
6 ఆగస్టు

రూతూ,

ఏ సినిమా చూడలేదే.

నీ ఉత్తరం చదివి ముందు సిగ్గేసింది, తర్వాత నీమీద కోపమొచ్చింది, చివరికి ఇనపరాడ్డు దగ్గర నవ్వొచ్చింది. ఇక దాచడానికేం లేదు కాబట్టి రాస్తున్నాను.

మీరు అటు వెళ్ళాక మొదటి శనివారం నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎందుకు వెళ్ళకూడదు, నాకేం తక్కువ అనుకున్నాను. ఫైటు వచ్చింది, అయిపోయింది, నా మోచెయ్యి దానంతటది వెళ్ళి పక్కావిణ్ణి పొడిచింది. ఆవిడ ఎవరో, "ఏంటండీ మీరు, మనుషులు కనపడట్లేదా?" అని గట్టిగా అరిచింది. ముందు వరసవాళ్ళు కూడా తిరిగి చూశారు. సారీ అమ్మా అన్నాను. ఇంటర్వెల్ దాకా ఆగలేక ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత హాలు వైపు పోలేదు. నీతో మాత్రం వెళ్తున్నానని చెబుతూ వచ్చాను. వెళ్ళలేకపోతున్నానని ఎలా చెప్పను? నువ్వు లేకపోతే నాకు సినిమా చూడ్డం కూడా చేతకాదని నీ ముందు ఒప్పుకోవాలా?

ఇంతలో నీ ఉత్తరం. అచ్చం అక్కలాగే చూసుకునే సలోమమ్మ గారట! నేనిక్కడ ఎనిమిది నెలల్నుంచీ శనివారం మధ్యాహ్నాలు బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే, నీకు అక్కడ ఇంకో అక్క దొరికింది, తలంట్లు కూడా పోస్తోంది. ఒళ్ళు మండిపోయిందే. నువ్వూ మండాలనిపించింది. ఎక్కడ గుచ్చితే నొప్పెడుతుందో నర్సుకి తెలియదా? నీకు రిబ్బను దగ్గర్నుంచీ డయానా అంటే పడదు. అందుకే దాన్ని తెచ్చి నీ సీట్లో కూర్చోబెట్టాను.

పాపం, దానికేమీ తెలియదు. జనవరిలో ఒకసారి వచ్చి టీ తాగి వెళ్ళింది. సినిమాహాలు మొహం చూసి మూడేళ్ళయిందట. చేగోడీలు మన వీధి చివర కొట్లోవి.

ట్రైలర్లన్నీ ఫోన్లో చూశాను. సెలైను సీసా ట్రైలరులోదే. కుర్చీ జరుపుకున్న తండ్రి కూడా అంతే, ఆయన కనపడింది రెండు క్షణాలే, కానీ ఆ కుర్చీ నాకు నచ్చిన మాట నిజం. వానపాట ఫోన్లో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఆ అన్నా తమ్ముళ్ళని చూస్తే ఏడ్చింది డయానా కాదు, నేను. ఆ పాట సినిమాలో లేకపోవచ్చని నాకెలా తెలుస్తుంది? అంత మంచి పాటని తీసేస్తారని ఎవరనుకుంటారే!

నామీద కోపం ఉంటే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

అక్క


అవనిగడ్డ,
11 ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. ఉపవాస ప్రార్థన అయ్యాక పెరట్లో బట్టలారేసుకుంటూ చదివాను.

తిట్టమన్నావు. తిట్టే మొహం నాకు లేదు, ఎందుకో చెబుతాను. డయానా వదిన రాలేదని చదవగానే నాకు పట్టలేని సంతోషమేసింది. ఆవిడే కాదు, ఎవరూ రాలేదు, అక్క పక్కన ఎవ్వరూ లేరు! గట్టిగా నవ్వాను కూడా. తడి దుప్పటి భుజాన వేసుకుని పెరడంతా రెండు చుట్లు తిరిగాను. ఆ తర్వాత మళ్ళీ మొదట్నుంచీ చదివితే బియ్యం ఏరుకుంటున్న చోటికి వచ్చాను. అక్కడ కూర్చుండిపోయాను. నువ్వు ఎనిమిది నెలలు ఒక్కదానివే ఉన్నావని తెలిసి గంతులేసిన చెల్లెల్ని నేను. మీరిద్దరూ సరదాగా సినిమాలు చూస్తున్నారనుకున్నప్పుడు ఏడ్చాను, నువ్వు ఒంటరిగా ఉన్నావని తెలిస్తే పండగ చేసుకున్నాను. నేనెంత కుళ్ళుమొహందాన్నో నాకిన్నాళ్ళూ తెలియదు.

ఆ మాట మనసులో పెట్టుకుని ఆదివారం ఆరాధనలో కూర్చోలేకపోయాను. శనివారమే మీ మరిదికి అంతా చెప్పేశాను. బందరు సంగతీ, నీ ఉత్తరాలూ, పెరట్లో గంతులూ. సలోమమ్మ గారి పేరు మాత్రం చెప్పలేదు, మాట మాటే. ఆయన జెండాలకని చెప్పి వెళ్ళినందుకు ఎక్కువ బాధపడ్డారు. "అడిగితే నేనేమంటానో కూడా చూడకుండా అబద్ధమాడావు, నేనంత పరాయివాణ్ణైపోయానా?" అన్నారు.

ఆదివారం ఆరాధనయ్యాక ఆయనే పిలిచారు. "సినిమాకి వెళ్ళిన సంగతి సంఘం అడిగితే నేను చూసుకుంటాను. నాతో ఆడిన అబద్ధాన్ని నేను క్షమించాను. మీ అక్క ఒంటరిగా ఉందని సంతోషించావు చూడు, అది నా చేతిలో లేదు. వెళ్ళి ఆవిణ్ణే అడుగు" అన్నారు. ఎప్పుడు వెళ్ళమంటారని అడిగాను. శనివారం వెళ్ళమన్నారు. శనివారమేనా అన్నాను. "నాకు మతిమరుపు లేదు రూతూ" అని బైబిలు తెరుచుకున్నారు.

పదహారో తారీఖు శనివారం, పొద్దున ఏడింటి బస్సుకి వస్తున్నాను. సినిమాకి వెళ్తామో, తలుపులేసుకుని పోట్లాడుకుంటామో నాకు తెలియదు. క్షమిస్తావో లేదో కూడా తెలియదు, వచ్చి నీ మొహం చూసి తెలుసుకుంటాను. ఒక్క మాట మాత్రం విను. ఆ రోజు నిన్ను ఇంకెవరైనా ఎక్కడికైనా పిలిస్తే, తీరిక లేదని చెప్పెయ్యి.

రూతు